అల ఆయనది... లాంతరు ఆమెది

రెండేళ్ల క్రితం మా అమ్మాయి రెండు సూట్‌కేసులతో మా ఇంటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఇక్కడ రాయను, అది దాని సొంత విషయం. వచ్చిన వారానికే హాల్లో సోఫాకి ఎదురుగా ఉన్న గోడకి ఒక బొమ్మ తగిలించింది. ముదురు నీలం సముద్రం. పులిగోళ్లలా వంకర్లు తిరిగిన తెల్లటి నురగతో ఆకాశమంత ఎత్తుకి లేచిన అల. మీరూ చూసే ఉంటారు. సెల్‌ఫోన్ కవర్ల మీద, గుడ్డ సంచుల మీద, కాఫీ కప్పుల మీద... ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే అల కదా!

నాకు మాత్రం ఆ బొమ్మ చూడగానే ఒళ్లు జలదరించింది. మాది బందరు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు నాకు పదేళ్లు. ఆ తర్వాత ఎన్నో నెలలు మా ఇంటి అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లు చెప్పుకున్న మాటలు ఇప్పటికీ మర్చిపోలేదు. పొద్దున్నే లేచి ఆ అల మొహం చూడటం నా వల్ల కాదు, తీసెయ్యమన్నాను.

అది తీయలేదు. అలని వదిలేసి కింద పడవల్ని చూడమంది. కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూశాను. అల కింద మూడు పొడుగాటి పడవలు. వాటిలో మనుషులు తెడ్లు గట్టిగా పట్టుకుని తలలు వంచుకుని ఉన్నారు. వాళ్ల వెనక ఎక్కడో దూరంగా, బొటనవేలంత చిన్నగా, మంచు కప్పిన కొండ ఒకటి. నేను ఇన్నాళ్లూ దాన్ని ఇంకో చిన్న అల అనుకున్నాను!

ఇది గీసిందెవరని అడిగితే, జపానులో హోకుసాయ్ అనే ఆయన, గీసేనాటికి డెబ్భై ఏళ్లు దాటాయి అని చెప్పింది మా అమ్మాయి. పక్షవాతం వచ్చి తగ్గాక, భార్య పోయాక, అప్పులు నెత్తిమీద ఉండగా గీశాడట. అప్పట్నించి ఆయన గురించి దొరికినదల్లా చదివాను. చదువుతూ పోతే ఆయన పక్కన కూర్చున్న ఇంకో మనిషి కనిపించింది. ఆమె సంగతి కూడా చెబుతాను, ముందు ఆయన కథ వినండి.

పుస్తకాలు మోసిన కుర్రాడు

హోకుసాయ్ 1760లో ఎడో నగరంలో పుట్టాడు. ఇప్పటి టోక్యోకే అప్పట్లో ఎడో అని పేరు. ఊరికి ఆ చివర, నది అవతల ఉన్న కత్సుషిక అనే ప్రాంతం ఆయనది. తర్వాత ఆ పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. పెరిగింది ప్రభువుల ఇంటికి అద్దాలు చేసి ఇచ్చే పనివాడి ఇంట్లో. అద్దాలంటే గాజువి కావు. కంచుని నున్నగా మెరుగుపెట్టి, వెనకవైపు నగిషీలు చెక్కేవాళ్లు. ఆ ఇంటికి వారసుడిగా మాత్రం ఈ పిల్లవాడిని చెయ్యలేదు. ఆరేళ్ల వయసు నుంచే కనిపించిందల్లా బొమ్మగా వెయ్యటం అలవాటైందని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

పన్నెండేళ్లప్పుడు అద్దె పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. మన చిన్నప్పుడు వీధి చివర నవలలు అద్దెకిచ్చే కొట్లు ఉండేవి చూడండి, అలాంటిదే. అక్కడ పుస్తకాల్లో బొమ్మలు చూసి చూసి, పద్నాలుగో ఏట చెక్క అచ్చులు చెక్కే పనిలో చేరాడు. పద్దెనిమిది దాటాక కత్సుకావా షున్‌షో అనే పేరున్న చిత్రకారుడి దగ్గర శిష్యుడయ్యాడు. అప్పుడు ఎడోలో అచ్చు బొమ్మలకి మంచి గిరాకీ. నాటకాల్లో వేషాలు కట్టేవాళ్లు, అందగత్తెలు, మల్లయోధులు... వీళ్ల బొమ్మలు సామాన్యులు కొనుక్కునేవాళ్లు. మనవాళ్లు సినిమా తారల క్యాలెండర్లు గోడకి పెట్టుకున్నట్టే అన్నమాట.

ఈ అచ్చు పని ఎలా చేస్తారో అర్థం చేసుకోవటానికి నాకు కష్టం అనిపించలేదు. మా బందరు పక్కనే పెడన. కలంకారీ అద్దకం చూడని వాళ్లు మా వైపు ఉండరు. టేకు దిమ్మ మీద ఉలితో డిజైను చెక్కుతారు. ముందు గీతల అచ్చు వేస్తారు, తర్వాత ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు. అచ్చు కాస్త పక్కకి జరిగిందా, బట్ట పాడైనట్టే. జపానులోనూ ఇదే కిటుకు. కాకపోతే బట్ట బదులు కాగితం, టేకు బదులు చెర్రీ చెక్క. చిత్రకారుడు పల్చటి కాగితం మీద బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని దిమ్మ మీద బోర్లా అంటించి, కాగితంతో సహా చెక్కేస్తాడు. అంటే చేత్తో గీసిన అసలు బొమ్మ అక్కడితో సరి! తర్వాత అచ్చు వేసేవాడు దిమ్మకి రంగు పూసి, పైన కాగితం పరిచి, వెదురు పట్ట చుట్టిన గుండ్రటి బిళ్లతో చేత్తోనే రుద్దుతాడు.

గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అచ్చు వేసేవాడు ఒకడు, పెట్టుబడి పెట్టి అమ్మేవాడు ఇంకొకడు. హోకుసాయ్ చిన్నప్పుడే ఉలి పట్టినవాడు కాబట్టి ఆ పని లోతు తెలుసు. చెక్కేవాళ్లు తన గీతని వదిలేసి వాళ్లకి అలవాటైన పద్ధతిలో కళ్లూ ముక్కులూ చెక్కుతున్నారని ముసలితనంలో కూడా ప్రచురణకర్తకి ఉత్తరం రాసి మరీ గొడవ పడ్డాడు.

ముప్ఫై పేర్లు, తొంభై మూడు ఇళ్లు

గురువు పోయాక ఆ బృందంలో ఇమడలేక బయటికొచ్చేశాడు. అప్పటికే మొదటి భార్య చనిపోయింది, పిల్లలున్నారు. చేతిలో పని లేదు. కూరల్లో చల్లుకునే మిరపపొడి, పంచాంగం కాగితాలు వీధుల్లో తిరిగి అమ్మాడని చెబుతారు. ఆ రోజుల్లోనే జపాను పాత పద్ధతులూ చైనా పద్ధతులూ నేర్చుకున్నాడు. డచ్చి వ్యాపారుల ద్వారా వచ్చిన యూరపు బొమ్మలు చూసి, దగ్గరవి పెద్దగా, దూరంవి చిన్నగా కనపడేటట్టు వెయ్యటం పట్టుకున్నాడు. అలకింద కొండ బొటనవేలంత అయింది ఆ విద్య వల్లే.

మనిషి తీరు మాత్రం మహా విచిత్రం. జీవితంలో ముప్ఫైకి పైగా పేర్లు మార్చుకున్నాడు. హోకుసాయ్ అన్నది వాటిలో ఒకటి. పాత పేరుని శిష్యుడికి ఇచ్చేసి, తను కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టేవాడు. పేరు కోసం ఇంత పాకులాడే లోకంలో, సంపాదించిన పేరుని అలా వదిలెయ్యటానికి ఎంత ధైర్యం ఉండాలి! ఇక ఇళ్లంటారా, తొంభై మూడు సార్లు మారాడట. ఇల్లు ఊడ్చే అలవాటు లేదు. చెత్త పేరుకుపోయి కూర్చోటానికి చోటు లేనప్పుడు ఇంకో ఇల్లు చూసుకునేవాడు. ఇది చదివి మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. నేను నవ్వలేదు!

జనాన్ని కూడగట్టటం కూడా తెలుసు. 1817లో నగోయా ఊళ్లో అందరూ చూస్తుండగా, నేల మీద పరిచిన మహా పెద్ద కాగితం మీద బౌద్ధ గురువు దరుమా బొమ్మ వేశాడు. చీపుళ్లంత కుంచెలు పట్టుకుని, కాగితం మీదే అటూ ఇటూ నడుస్తూ. ప్రభువు ఎదుట జరిగిన పోటీలో నీలం రంగు పొడుగ్గా పూసి, కోడి కాళ్లకి ఎర్రరంగు అద్ది దానిమీద వదిలి, ఏట్లో కొట్టుకుపోతున్న ఎర్రటి ఆకులు ఇవేనన్నాడని ఇంకో కథ. నిజమో కాదో గానీ జపానులో ఆ కథ అందరూ చెప్పుకుంటారు.

1814 నుంచి ఆయన బొమ్మల పుస్తకాలు రావటం మొదలైంది. మాంగా అని పేరు పెట్టాడు. స్నానం చేసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, పిల్లులు, చేపలు, వాన, దయ్యాలు... లోకంలో ఉన్నదంతా ఉంటుంది వాటిలో. బొమ్మలు నేర్చుకునేవాళ్ల కోసం వేసినవి. మొత్తం పదిహేను భాగాలు. చివరిది ఆయన పోయిన ఎన్నో ఏళ్లకి, 1878లో వచ్చింది.

అన్నీ పోయాక మొదలైన పని

ఇంతవరకూ చేసింది చాలదా? అక్కడితో ఆగినా పేరు మిగిలేది. కానీ ఈనాడు మనకి తెలిసిన హోకుసాయ్ అప్పటికి ఇంకా మొదలవ్వనేలేదు!

అరవై ఏడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. ఎలాగో కోలుకున్నాడు. 1828లో రెండో భార్య చనిపోయింది. దానికితోడు మనవడు జూదంలో పడి అప్పులు చేస్తే అవి తాత మెడకి చుట్టుకున్నాయి. 1830 నాటికి డబ్బు లేదు, సరైన ఇల్లు లేదు. చెయ్యి బాగుందా లేదా అని చూసుకునే వయసు. మనలో చాలామంది ఇక కాలం గడిస్తే చాలు, కృష్ణా రామా అనుకుందాం అనే సమయం.

సరిగ్గా అప్పుడు నిషిమురాయా అనే ప్రచురణకర్తతో కలిసి ఫుజి పర్వతాన్ని ముప్ఫై ఆరు చోట్ల నుంచి చూపించే బొమ్మలు మొదలుపెట్టాడు. జనం ఎగబడి కొనేసరికి ఇంకో పది చేర్చారు. మొత్తం నలభై ఆరు. అంతకుముందు అచ్చు బొమ్మల్లో కొండలూ నదులూ ఎక్కువగా మనుషుల వెనక తెరలా ఉండేవి. ప్రకృతి దృశ్యాన్నే అసలు కథ చేసి అమ్ముడుపోయేలా చెయ్యటం పెద్ద సాహసం. ఆయన తర్వాత ఆ దారినే హిరోషిగే లాంటి చిత్రకారులు నడిచారు.

ఆ బొమ్మల్లో నాకు నచ్చింది ఏమిటంటే, కొండ ఉన్నచోటల్లా పని చేసుకునే మనుషులు ఉంటారు. ఒక బొమ్మలో పీపాలు చేసేవాడు ఇంత పెద్ద పీపా లోపల నిలబడి చెక్క నున్నగా చేస్తుంటాడు. ఆ గుండ్రటి పీపా లోంచి దూరంగా ఫుజి కనిపిస్తుంది. అతను మాత్రం దాన్ని చూడడు, తన పనిలో తనుంటాడు! ఇంకోదాంట్లో రంపం కోత, మరోదాంట్లో ఇంటికప్పుకి పెంకులు నేసేవాళ్లు, తేయాకు కోసే ఆడవాళ్లు. ఇంకో బొమ్మలో పెద్ద గాలి. దారిన పోయే ఒకామె దగ్గరున్న కాగితాలన్నీ ఎగిరిపోతుంటాయి. చుట్టూ అందరూ టోపీలూ చీరచెంగుల్లాంటి బట్టలూ పట్టుకుని వంగిపోతుంటే, కొండ మాత్రం ఒక్క గీతలో స్థిరంగా ఉంటుంది.

అల బొమ్మ వీటిలోదే. 1831 ప్రాంతంలో వచ్చింది. నిలువు పాతిక సెంటీమీటర్లు, అడ్డం ముప్ఫై ఏడు, అంతే. గోడంత ఉంటుందేమో అనుకున్నాను నేను! కనగావా తీరం దగ్గర తాజా చేపలు చేరవేసే వేగమైన పడవలవి. నా చిన్నప్పటి భయంతో చూసినన్నాళ్లూ నాకు అల ఒక్కటే కనిపించింది. ఇప్పుడు మళ్లీ చూస్తే, ఆ తెడ్లు వేసేవాళ్లు అలకి ఎదురు తిరగటం లేదు, వంగి దాని వాలులో కలిసిపోయారు. తర్వాత ఏమవుతుందో బొమ్మలో లేదు.

ఇక ఆ నీలం సంగతి. అంతకుముందు అచ్చులకి వాడే ఆకుల నీలం ఎండకి త్వరగా వెలిసిపోయేది. యూరపులో బెర్లిన్ నగరంలో కనిపెట్టిన ప్రష్యన్ బ్లూ డచ్చి, చైనా ఓడల మీద నాగసాకి రేవుకి వచ్చి, 1830 నాటికి చవకగా దొరకటం మొదలైంది. అప్పట్లో జపాను బయటి దేశాలకి తలుపులు మూసుకుని, ఆ ఒక్క రేవులో మాత్రం ఈ ఇద్దరినీ వ్యాపారం చేసుకోనిచ్చేది. అన్నట్టు ఈ డచ్చివాళ్లు మా బందరుకి పరాయివాళ్లేం కాదండోయ్! 1600ల మొదట్లోనే ఇక్కడ వ్యాపారం పెట్టారు. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టల్ని జపాను దాకా మోసుకెళ్లారు. సరస అని అక్కడ వాటికి పేరు. మన రంగులు అటు, వాళ్ల చేతికి ఇంకో రంగు ఇటు... ఓడలు ఎక్కడెక్కడివాళ్లని కలుపుతాయో చూడండి.

ఆ రోజుల్లో ఒక బొమ్మ వెల ఒకటి రెండు గిన్నెల నూడుల్స్ ఖరీదు. వేలల్లో అచ్చు వేశారు. అప్పటి పద్ధతిలో లాభం ప్రచురణకర్తది. అందుకే అంత పేరొచ్చినా ఇంట్లో లేమి తీరలేదు.

ఓయి!

ఇప్పుడు ఆయన పక్కన కూర్చున్న మనిషి గురించి. హోకుసాయ్ కూతుళ్లలో ఒకామె. 1800 ప్రాంతంలో పుట్టింది. అసలు పేరు ఎయి. బొమ్మల మీద పెట్టుకున్న పేరు ఓయి. మనం మనుషుల్ని ఓయ్ అని పిలిచినట్టే జపానువాళ్లూ పిలుస్తారట. తండ్రి ఎప్పుడూ ఓయ్, ఓయ్ అని కేకేస్తుంటే అదే పేరైపోయిందని అంటారు. ఆమె గడ్డం కాస్త ముందుకి ఉండేదని, తండ్రి ముద్దుగా గడ్డం అని కూడా పిలిచేవాడట.

పెళ్లి చేశారు. భర్తా చిత్రకారుడే. ఆయన వేసిన బొమ్మలు బాగాలేవని ఓయి నవ్విందట. అది కారణమో, ఇంకేమన్నా ఉందో, కాపురం నిలవలేదు. పుట్టింటికి తిరిగొచ్చేసింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తండ్రి దగ్గరే ఉండి, ఆయన పోయేదాకా ఆయన పక్కనే కుంచె పట్టుకుని పని చేసింది.

వాళ్లిద్దరూ ఉన్న గదిని ఒక శిష్యుడు బొమ్మగా వేశాడు. ముసలాయన భుజాల మీద బొంత కప్పుకుని, నేల మీద వంగి బొమ్మ వేస్తుంటాడు. ఓయి పక్కన కూర్చుని చూస్తుంటుంది, చేతిలో పొగగొట్టం. వంటా వార్పూ ఉండేవి కావట ఆ ఇంట్లో. పక్కనుంచి తెప్పించుకు తిని, ఆ పొట్లాల కాగితాలు, ఆకులు అక్కడే పడేసేవాళ్లు. ఊడ్చేది తండ్రీ కాదు, కూతురూ కాదు. 1893లో ఈజిమా క్యోషిన్ అనే ఆయన వాళ్లని ఎరిగినవాళ్లని అడిగి తెలుసుకుని హోకుసాయ్ జీవితచరిత్ర రాశాడు. ఈ కబుర్లలో చాలా వాటికి అదే ఆధారం.

మొదటిసారి చదివినప్పుడు నాకూ ముక్కున వేలేసుకోవాలనిపించింది. తర్వాత ఆలోచించాను. అంత చరిత్రలో ఒక తండ్రి, ఇంటికి తిరిగొచ్చిన కూతురికి చీపురు ఇవ్వకుండా కుంచె ఇచ్చాడు. అది చిన్న సంగతా?

ఆడవాళ్ల బొమ్మలు వెయ్యటంలో కూతురి ముందు తను నిలవలేనని హోకుసాయ్ ఒప్పుకున్నాడని చెబుతారు. నిజమేననిపిస్తుంది ఓయి బొమ్మలు చూస్తే. మా అమ్మాయి ఒకటి చూపించింది. యోషివారా అని ఎడోలో వేశ్యావాటిక. రాత్రి పూట. కొయ్య ఊచల వెనక దీపాల వెలుతురులో అలంకరించుకుని కూర్చున్న ఆడవాళ్లు, బయట చీకట్లో నిలబడి చూసే మగవాళ్లు. వెలుగంతా లోపల, నీడలన్నీ బయట. లోపలివాళ్ల మొహాలు ఊచలు అడ్డమొచ్చి సరిగా కనపడవు. అప్పటి జపాను చిత్రాల్లో వెలుగూ నీడా ఇలా వేసినవాళ్లు చాలా అరుదు.

ఆ బొమ్మ మీద సంతకం ఎక్కడా ఉండదు. కాస్త జాగ్రత్తగా చూస్తే లాంతర్ల మీద అక్షరాలుంటాయి. వాటిలో ఓయి పేరు, ఎయి పేరు విడివిడి ముక్కలుగా దాచి ఉన్నాయి. తన పేరుని తనే లాంతర్లలో దాచుకుంది!

ఇప్పటికి ఆమెవని గట్టిగా చెప్పగలిగినవి పదీ పన్నెండు బొమ్మలకి మించి లేవు. 1847లో ఆడవాళ్ల నిత్యజీవితానికి పనికొచ్చే విషయాలతో వచ్చిన ఒక పుస్తకానికి ఆమె బొమ్మలు వేసింది. అంటే మన మహిళల పేజీల్లాంటి దానికే అనుకోండి! మరి అన్నేళ్లు రాత్రింబవళ్లు చేసిన పనంతా ఏమైంది? తండ్రి ఎనభైల్లో వేసినవని చెప్పే బొమ్మల్లో కొన్నిటి రంగులు, సన్నటి పనితనం ఓయి చేతివేనని పరిశోధకులు చాలామంది అనుకుంటున్నారు. వాటి మీద ఉన్నది తండ్రి సంతకమే. ఆ సంతకమైతే అమ్ముడయ్యేది, ఇల్లు గడిచేది.

ఇంకో అయిదేళ్లు

హోకుసాయ్ డెబ్భై అయిదో ఏట ఫుజి వంద దృశ్యాల పుస్తకం తెచ్చాడు. డెబ్భైకి ముందు వేసినవేవీ లెక్కలోకి రావని, డెబ్భై మూడేళ్లకి పక్షులూ చెట్లూ ఎలా కట్టి ఉంటాయో కాస్త తెలిసిందని, నూట పదేళ్లకి గీసే ప్రతి గీతలో ప్రాణముంటుందని దాని చివర రాసుకున్నాడు. తనకి పెట్టుకున్న పేరు, బొమ్మల పిచ్చి ముసలాడు.

ఆ నమ్మకాన్ని విధి బాగానే పరీక్షించింది. 1830ల్లో దేశమంతా కరువు. 1839లో ఇల్లు కాలిపోయి, ఏళ్ల తరబడి వేసి దాచుకున్న బొమ్మలు బూడిదైపోయాయి. అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్లు. మళ్లీ మొదలుపెట్టాడు. 1842, 43ల్లో రోజూ పొద్దున్నే ఒక సింహం బొమ్మ వేసేవాడు, ఆ రోజు చెడు దగ్గరికి రాకుండా. మనం వాకిట్లో ముగ్గు వేసినట్టు. వాటిలో రెండు వందలకు పైగా ఇప్పటికీ ఉన్నాయి. ఎనభై దాటాక రెండు వందల కిలోమీటర్లకి పైగా దూరంలో కొండల మధ్య ఉన్న ఒబుసే ఊరికి కొన్నిసార్లు వెళ్లాడు. తకాయ్ కోజాన్ అనే వ్యాపారి ఆయన్ని ఆదరించి పని చూపించాడు. ఉత్సవ రథాల పైకప్పు పలకల మీద మళ్లీ అలలు వేశాడు. ఈసారి వాటిలో పడవల్లేవు, కొండ లేదు. నీళ్లు సుడి తిరుగుతుంటాయి, అంతే.

1849 మే 10న కన్నుమూశాడు. మన లెక్కలో ఎనభై ఎనిమిది, వాళ్ల లెక్కలో తొంభై. ఇంకో పదేళ్లు, పోనీ అయిదేళ్లు ఇస్తే నిజమైన చిత్రకారుణ్ణి అయ్యేవాణ్ణి కదా అని మంచం మీద బాధపడ్డాడట. పక్కన ఓయి ఉంది.

ఆ తర్వాత ఆమె ఏమైంది? కొన్నేళ్లు ఎడోలో ఉంది. బొమ్మలు నేర్పింది. తర్వాత ఒకరోజు ఇంట్లోంచి బయల్దేరి వెళ్లిన మనిషి తిరిగి రాలేదంటారు. ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో ఇప్పటికీ తేలలేదు.

1850ల్లో జపాను తలుపులు తెరుచుకున్నాక తండ్రి బొమ్మలు ఓడలెక్కి యూరపు చేరాయి. మోనే తన ఇంటి గోడల నిండా జపాను అచ్చు బొమ్మలు పెట్టుకున్నాడు. ఆ అలని చూసి వాన్‌గో ముగ్ధుడయ్యాడు. 1905లో డెబుస్సీ అనే ఫ్రెంచి సంగీతకారుడు సముద్రం మీద కట్టిన స్వరాల పుస్తకానికి ఇదే అల అట్ట మీద వేయించుకున్నాడు. రెండు గిన్నెల నూడుల్స్ ఖరీదు చేసిన బొమ్మ, పాత ప్రతి ఒకటి 2023లో న్యూయార్క్ వేలంలో 27 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2024లో వచ్చిన జపాను వెయ్యి యెన్ల నోటు వెనక కూడా ఆ అలే. 2016లో టోక్యోలో, ఆయన పుట్టిన ప్రాంతంలోనే ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు. శిష్యుడు గీసిన ఆ గదిని అందులో నిలువెత్తు బొమ్మలతో మళ్లీ పెట్టారు. బొంత కింద ముసలాయన. పక్కన ఓయి. ఇప్పుడు ఆమె పేరు కూడా చెప్పి చూపిస్తున్నారు.

మా ఇంట్లో

మా అమ్మాయి వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఎప్పుడు వెళ్తుందని అడిగితే నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. తర్వాత తర్వాత, నిజం చెప్పొద్దూ, అది ఉండటం నాకు అలవాటైపోయింది. మందులు అదే తెస్తుంది. బ్యాంకుకి అదే వెళ్తుంది. డాక్టరు దగ్గరికి, కరెంటు బిల్లుకి, చుట్టాల పెళ్లికి... అన్నిటికీ అదే. ఇంట్లోంచి చేసుకునే దాని ఆఫీసు పని రాత్రి పదింటికి మొదలయ్యేది. బంగారంలాంటి కూతురని అందరికీ చెప్పుకునేదాన్ని.

ఓయి కథ చదివాక ఆ మాట గొంతులో అడ్డం పడింది. ఆ తండ్రి కుంచె అయితే ఇచ్చాడు గానీ, ఆమె పని మీద ఆమె పేరు రాయించలేకపోయాడు. ఆమె అలా ఇష్టపడే ఉందో, వేరే దారిలేక ఉందో ఎవరికీ తెలీదు. నా కూతుర్ని నేను అడగచ్చు కదా, ఇంకా ఇద్దరం ఉన్నాం కదా!

అడిగాను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సాయంత్రాలు చదువుకునే కోర్సు ఒకటి ఉందని, ఆర్నెల్ల నుంచి చేరాలనుకుంటున్నానని చెప్పింది. నాకెందుకు చెప్పలేదంటే, మీ పనులు ఎవరు చూస్తారు అంది.

పోయిన నెల చేరింది. బ్యాంకుకి ఇప్పుడు నేనే ఆటోలో వెళ్లొస్తున్నాను. కరెంటు బిల్లు ఫోన్లో కట్టటం నేర్చుకున్నాను, మొదటిసారి రెండుసార్లు నొక్కి కంగారుపడ్డాను గానీ. డైనింగ్ టేబుల్ మీద దాని పుస్తకాలు, కాగితాలు అలాగే పడి ఉంటున్నాయి. సర్దటం మానేశాను. కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం, ఎదురుగా గోడమీద ఆ అల.